పెరటి పండ్ల చెట్టు – కత్తిరింపు పాఠం

(పాఠశాల ప్లాటినం జూబ్లీ ఉత్సవాల సందర్భంగా తల్లిదండ్రులు, పూర్వ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఒక తెలుగు పాఠశాల 75 వసంతాలు పూర్తి చేసుకున్న శుభవేళ జరిగే సభలో పెరటి చెట్ల ప్రస్తావన కొందరికి అల్ప విషయంగా తోచవచ్చు. సోలాపూర్ నేతపేటల జీవనాన్ని దగ్గరగా ఎరిగినవారికి అలా తోచదు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల నుంచి బ్రతుకుతెరువు వెదుక్కుంటూ వచ్చి సాఖర్ పేఠ్, దాజీ పేఠ్, భద్రావతి పేఠ్ వంటి పేటలలో స్థిరపడిన కుటుంబాలు మగ్గాన్ని, మాతృభాషను, మార్కండేయ మహర్షి రథోత్సవాన్ని నిలుపుకున్నట్లే, చోటు ఉన్నంతలో ముంగిట ఒక చెట్టును కూడా నిలుపుకున్నాయి. ఒక ఇంట జామ, మరొక ఇంట దానిమ్మ, ఇంకొక ఇంట నిమ్మ, సీతాఫలం, మునగ.

సంవత్సరానికి తక్కువ వర్షం మాత్రమే కురిసే ఊరు ఇది. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. రేకుల కప్పు కింద మరమగ్గం నడిచే ఇంట్లో మధ్యాహ్నవేళ కూర్చోవడం కష్టం. ఒడిలో చాట పెట్టుకొని బీడీలు చుట్టే తల్లులకు ముంగిటి చెట్టునీడయే పనిశాల. బడినుంచి వచ్చిన పిల్లలు పుస్తకం తెరిచేదీ ఆ నీడలోనే. అందువలన ఈ పేటలలో ఒక చెట్టు పోవడం అంటే ఒక గది పోవడంతో సమానం.

అయితే చెట్లు పోతూనే ఉన్నాయి. కొమ్మలు రేకులకు తగులుతున్నాయని, విద్యుత్ తీగలను తాకుతున్నాయని, పొరుగువారి గోడ మీదికి వ్రాలుతున్నాయని, అన్నిటికంటే ముఖ్యంగా ఎన్నేళ్లయినా కాయడం లేదని మొదలంటా నరికివేస్తున్నారు. వాటిలో చాలా చెట్లకు గొడ్డలితో పని లేదు. సరైన మాసంలో సరైన నాలుగు కొమ్మలు తీసివేస్తే నిలబడగలిగినవే. మహారాష్ట్రలో పట్టణ ప్రాంతాల వృక్ష సంరక్షణ చట్టం 1975లోనే వచ్చింది. నగర పరిధిలో చెట్టును నరకాలంటే వృక్షాధికారి అనుమతి పొందాలని ఆ చట్టం చెబుతుంది. చట్టం చెట్టును నరకవద్దని చెప్పగలదు గాని, దానిని ఇంటికి అనుకూలంగా పెంచుకోవడం ఎలాగో నేర్పలేదు. అది నేర్చుకోవలసిన విద్య.

ఈ విద్యకు మూలసూత్రం ఒక్కటే. కాయ ఏ కొమ్మ మీద వస్తుందో తెలుసుకున్న తరువాతనే కత్తెర పట్టాలి. మగ్గం మీద తెగిన పోగును అతకవచ్చు. చెట్టు మీద తెగిన కొమ్మను అతకలేము. పూత రావలసిన కొమ్మను ఒక్కసారి పొరపాటున తీసివేస్తే ఆ ఏటి పంట పోయినట్లే. పైన చెప్పిన ‘కాయని చెట్ల’లో కొన్నింటికి అసలు లోపం లేదు. ఏటేటా పండుగ ముందు ఇంటికి సున్నం వేసే వేళ చెట్టును కూడా శుభ్రం చేయాలని కొనలన్నీ సమంగా కత్తిరిస్తూ రావడం చేతనే అవి కాయడం మానివేస్తాయి.

పండ్ల చెట్లను ఈ దృష్టితో రెండు తెగలుగా చూడవచ్చు. ఆ సంవత్సరం పుట్టిన లేత చివురు మీదనే పూత పూసేవి మొదటి తెగ. జామ, రేగు, మునగ ఈ తెగకు చెందినవి. ఇవి కత్తిరింపును కోరుకుంటాయి. కొత్త చివుళ్లు ఎంత ఎక్కువగా వస్తే కాయ అంత ఎక్కువ. ముందు పెరిగి, ముదిరి, పక్వానికి వచ్చిన కొమ్మ మీద పూసేవి రెండవ తెగ. మామిడి ముదిరిన కొమ్మల కొనల నుంచి పూత వేస్తుంది. దానిమ్మ ముదురు కొమ్మల మీద ఏర్పడే పొట్టి రెమ్మలపై ఎక్కువగా కాస్తుంది. ఇవి మితమైన కత్తిరింపును మాత్రమే సహిస్తాయి. నిమ్మ ఈ రెంటికీ నడుమ ఉంటుంది. ఎండు పుల్లలను, ముళ్లతో నిటారుగా దూసుకొనిపోయే కొమ్మలను తీసివేయడం తప్ప దానికి వేరే కత్తిరింపు అక్కరలేదు.

అందువలన కొత్తగా నేర్చుకునేవారు తమ చేతిని మొదట మునగ మీద సాధన చేయడం మేలు. పలక మీద తప్పు వ్రాస్తే తుడిచి మళ్లీ వ్రాసినట్లు, మునగను ఎలా కత్తిరించినా మళ్లీ చిగురిస్తుంది. కాపు అయిపోయిన తరువాత భూమి నుంచి మూడడుగుల ఎత్తున కొట్టివేసినా పక్కల నుంచి పిలకలు లేచి తిరిగి కాస్తుంది. తరువాత రేగు, ఆపైన జామ, దానిమ్మ, చిట్టచివర మామిడి. ఈ వరుసలో వెళ్లినవారికి చెట్టు తానే గురువవుతుంది.

కత్తిరింపు కాలం విషయంలో ఒక హెచ్చరిక అవసరం. శీతల దేశాలలో వెలువడిన తోటపని పుస్తకాలు చలికాలంలో, చెట్టు ఆకు రాల్చి నిద్రించే వేళ కత్తిరించమని చెబుతాయి. ఆపిల్, పియర్ వంటి చెట్లకు ఆ మాట సరిపోతుంది. సోలాపూర్‌లో మంచు కురవదు. ఇక్కడి మామిడికి చలికాలమే పూతకాలం. ఆ పుస్తకం చదివి డిసెంబరులో మామిడి కొనలను కత్తిరిస్తే పూతను కత్తిరించినట్లే. మామిడికి కాయ కోసిన వెంటనే, జూన్ లేదా జూలైలో, లోపలి ఎండుకొమ్మలను, ఒకదానినొకటి రాచుకునే కొమ్మలను తీయాలి. తరువాత వచ్చే చివుళ్లు పూతకాలానికి ముదరడానికి వ్యవధి ఉంటుంది.

కాలాన్ని మనిషి తనకు అనుకూలంగా ఎలా మలచుకుంటాడో చెప్పడానికి సోలాపూర్ జిల్లా ద్రాక్షతోటలే ఉదాహరణ. ఫ్రాన్స్, ఇటలీ దేశాలలో ద్రాక్షతీగ చలికి నిద్రిస్తుంది కనుక ఏడాదికి ఒక్క ప్రధాన కత్తిరింపు చాలు. ఇక్కడ తీగ నిద్రించదు. అందుచేత రైతు రెండుసార్లు కత్తిరిస్తాడు. ఏప్రిల్‌లో తీగను ఒకటి రెండు కన్నులు మాత్రం మిగిల్చి బాగా పొట్టిగా కోస్తాడు. వేసవి వెలుతురులో పెరిగిన కొత్త కొమ్మల కన్నులలో పూగుత్తి సూక్ష్మరూపంలో ఏర్పడుతుంది. అక్టోబరులో ఆ కన్ను ఎక్కడ ఉందో చూసి దానికి పైన కోస్తాడు. ఆ కోతతో గుత్తులు బయటికి వస్తాయి. మొదటి కోత కొమ్మ కొరకు, రెండవ కోత కాయ కొరకు. పందిరిమీద ఒక్క ద్రాక్షతీగను పెంచుకునే ఇల్లాలికి కూడా ఈ లెక్కే వర్తిస్తుంది.

దానిమ్మ సోలాపూర్‌కు కీర్తి తెచ్చిన పండు. 2005లో జాతీయ దానిమ్మ పరిశోధన కేంద్రం ఈ నగరం చెంత కేగావ్‌లో వెలసింది. 2016లో ‘సోలాపూర్ దానిమ్మ’కు భౌగోళిక గుర్తింపు లభించింది. ఇనుము, జింకు అధికంగా ఉండే ‘సోలాపూర్ లాల్’ అనే రకాన్ని ఆ కేంద్రం 2017లో విడుదల చేసింది. ఇంతటి దానిమ్మ సీమలో ఉంటూ పెరటి దానిమ్మను పొదలా వదిలివేయడం తగదు.

దానిమ్మ మొదట్లో పిలకలు లేస్తూనే ఉంటాయి. మూడు లేక నాలుగు బలమైన కాండాలను ఉంచుకొని మిగిలిన పిలకలను లేతగా ఉన్నప్పుడే తీసివేయాలి. ఒకే కాండం ఉంచితే దానికి తొలుచు పురుగు పట్టిన నాడు చెట్టు మొత్తం పోతుంది. నాలుగు ఉంటే ఒకటి పోయినా మూడు నిలుస్తాయి. గుబురు నడుమ నుంచి నిటారుగా లేచే నీటికొమ్మలు కాయ ఇవ్వవు, వెలుతురును అడ్డుకుంటాయి. వాటిని మొదలు వరకు తీయాలి. పొట్టి రెమ్మలను మాత్రం ముట్టరాదు.

రైతులు దానిమ్మకు ‘బహార్’ పట్టడం అంటారు. అంబె, మృగ్, హస్త అని మూడు బహార్లు. మామిడి పూత వేళకు వచ్చేది అంబె బహార్. తక్కిన రెండు పేర్లు తెలుగువారికి కార్తెల పేర్లుగా చిరపరిచితాలే. మృగశిర కార్తెలో ముంగారు వానలు, హస్త కార్తెలో వర్షాల చివరి రోజులు. ఏడాది పొడవునా ఇన్ని పూలు అన్ని పూలుగా పూస్తే చెట్టు అలసిపోతుంది, కాయ చిన్నదవుతుంది. అందుచేత కాపు ముగిసిన తరువాత చెట్టుకు విశ్రాంతి ఇచ్చి, కొన్ని వారాలపాటు నీరు ఆపివేస్తారు. ఆకు పసుపుబారి రాలుతుంది. అప్పుడు తేలికగా కత్తిరించి, ఎరువు వేసి, నీరు కడతారు. చెట్టు ఒక్కసారిగా చిగురించి పూస్తుంది. పూసిన నాటి నుంచి కాయ పండడానికి అయిదారు మాసాలు పడుతుంది. నీటికి కటకట ఉన్న ఇంటివారు ఆ అయిదారు మాసాలకు నీరు ఎక్కడి నుంచి వస్తుందో ముందు ఆలోచించి బహార్‌ను నిర్ణయించుకోవాలి. కుండీలోని దానిమ్మకు ఇంత కఠినంగా నీరు ఆపరాదు. కుండీలో మట్టి తక్కువ కనుక వేరు ఎండిపోతుంది.

దానిమ్మ విషయంలో కత్తెర మేలు చేసినట్లే కీడు కూడా చేయగలదు. ఈ ప్రాంతంలో ‘తేల్యా’ అనే రోగం ఉంది. ఆకుల మీద, కాయల మీద నూనె చుక్క వంటి మచ్చలు పడతాయి. తేల్ అంటే నూనె కనుక ఆ పేరు వచ్చింది. మచ్చ ముదిరి కాయ పగులుతుంది, కొమ్మ నల్లబడి విరుగుతుంది. ఇది సూక్ష్మజీవి వలన వచ్చేది. వానజల్లుతో వ్యాపిస్తుంది, కత్తెర అంచు మీద కూర్చొని ఒక చెట్టు నుంచి మరొక చెట్టుకు ప్రయాణం చేస్తుంది. అందుచేత వానలో తడిసిన దానిమ్మను కత్తిరించరాదు. మచ్చ కనిపించిన చోటుకు కనీసం రెండు అంగుళాల కింద కోయాలి. కోసిన ప్రతిసారీ కత్తెరను స్పిరిట్‌తో తుడవాలి. కోసిన ముక్కలను గోడవారన కుప్ప వేయరాదు, తగులబెట్టాలి. దానిమ్మ కొమ్మ నాటితే నాటుకుంటుంది కనుక, కోసిన కొమ్మలను బంధువులకు పంచే అలవాటు మన ఇళ్లలో ఉంది. ప్రేమతో ఇచ్చిన ఒక్క రోగపు కొమ్మ సాంగోలాలోనో పండరిపురంలోనో దానిమ్మ తోటనే నమ్ముకున్న ఒక కుటుంబానికి అప్పు తెచ్చిపెట్టవచ్చు. ఆరోగ్యం తెలియని చెట్టు కొమ్మను ఎవరికీ ఇవ్వరాదు.

గాయానికి పూసే మందు బోర్డో. ఫ్రాన్స్ దేశపు బోర్డో ప్రాంతంలో దారిన పోయేవారు ద్రాక్ష దొంగిలించకుండా తోట అంచున ఉన్న తీగలకు మైలుతుత్తం, సున్నం కలిపి చల్లేవారట. ఆ తీగలకు బూజు తెగులు సోకకపోవడం గమనించి మిలార్దే అనే శాస్త్రవేత్త 1885లో ఆ మిశ్రమాన్ని లోకానికి తెలియజేశాడు. చల్లడానికి లీటరు నీటికి 10 గ్రాముల మైలుతుత్తం, 10 గ్రాముల సున్నం చాలు. గాయానికి పూసే ముద్దకు లీటరు నీటికి 100 గ్రాముల చొప్పున రెండూ కావాలి. మైలుతుత్తాన్ని, సున్నాన్ని వేరువేరుగా సగం సగం నీటిలో కరిగించి, ఆ తరువాత కలపాలి. ఇనుప పాత్ర వాడరాదు, మట్టి పాత్ర గాని ప్లాస్టిక్ బకెట్టు గాని ఉండాలి. పిల్లలకు అందకుండా ఉంచాలి. వంటకు వాడే పాత్రను దీనికి వాడరాదు.

కోత ఎక్కడ వేయాలనేది మరొక ముఖ్య విషయం. కొమ్మ కాండంతో కలిసే చోట ఉబ్బెత్తుగా ఒక పట్టీ వంటి భాగం కనిపిస్తుంది. అలెక్స్ షిగో అనే అమెరికన్ అటవీ శాస్త్రజ్ఞుడు వేలకొలది చెట్లను చీల్చి పరిశీలించి ఒక సత్యం చెప్పాడు. మనిషి చర్మం వలె చెట్టు గాయం మానదు. పాడైన భాగాన్ని చెట్టు లోపల గోడ కట్టి బంధించి, పైన కొత్త పొరను కప్పుకుంటుంది. ఆ కప్పే శక్తి ఆ ఉబ్బెత్తు భాగంలో ఉంది. కొమ్మను కాండానికి సమంగా నున్నగా చెక్కివేస్తే ఆ భాగం పోతుంది. జానెడు మొద్దు వదిలివేస్తే ఆ మొద్దు కుళ్లి, కుళ్లు లోపలికి దిగుతుంది. ఉబ్బెత్తును ఉంచి, దానికి ఆనుకొని బయట కోయాలి. కొయ్యకు వేసే తారు వంటి పూతలు కుళ్లును ఆపలేవని కూడా షిగో తేల్చాడు. దానిమ్మకు బోర్డో ముద్ద పూసేది తెగులు సోకకుండా ఉండడానికే గాని, అందానికి కాదు.

చేతి మణికట్టు కంటె లావైన కొమ్మను ఒక్క కోతతో తీయరాదు. బరువుకు అది చీలి కాండం తొక్కను ఊడదీసుకొని పోతుంది. కాండానికి అడుగు దూరంలో కింది నుంచి కొద్దిగా కోసి, దానికి కాస్త అవతల పై నుంచి కోసి బరువు దించి, చివరగా మిగిలిన మొద్దును ఉబ్బెత్తు పక్కన కోయాలి. వ్రేలి లావు కొమ్మకు సికేచర్, అంతకు మించినదానికి రంపం వాడాలి. గొడ్డలి, కొడవలి పనికిరావు. విద్యుత్ తీగకు దగ్గరగా ఉన్న కొమ్మను ఇంటివారు తాకనే రాదు. ఆ పని విద్యుత్ సంస్థవారి చేత సరఫరా ఆపించి చేయించాలి. ఏ ఏడాదీ గుబురులో నాలుగవ వంతు కంటె ఎక్కువ తీయరాదు. నిండు గుబురును మే నెలలో బోడి చేస్తే ఇంతవరకు ఎండ ఎరుగని కాండం తొక్క కాలి పగులుతుంది.

ఇక్కడ జామ ప్రస్తావన రావాలి. ఎందుకంటే సోలాపూర్ పేటలలో శాస్త్రానికీ సంసారానికీ ఘర్షణ వచ్చేది జామ దగ్గరే. వానాకాలపు జామకాయ చప్పగా ఉంటుంది, పండు ఈగ పాడుచేస్తుంది. చలికాలపు కాయ తీపి. చలికాలపు కాపు కావాలంటే మే, జూన్ మాసాలలో కొనలు కత్తిరించాలని ఉద్యాన శాస్త్రజ్ఞులు చెబుతారు. మే నెలలో ఆ చెట్టు కిందనే ఇంటి స్త్రీలు పని చేసుకుంటున్నారు. కాయ కొరకు నీడను తీయమనడం న్యాయమా? దీనికి పరిష్కారం ఉంది. శాస్త్రం ఇచ్చిన గడువు జూన్ వరకు ఉన్నది కనుక మృగశిర కార్తె ప్రవేశించేదాకా ఆగవచ్చు. మొదటి వానతో ఎండ తగ్గుతుంది. అప్పుడు వాన లేని రోజు చూసి కొనలు కత్తిరిస్తే చివుళ్లు వచ్చి, పూసి, చలికాలానికి కాయ అందుతుంది. అప్పటికీ నీడ కావలసిన ఇంటివారు పడమటి వైపు కొమ్మలను ఉంచి తూర్పు వైపు కొమ్మలను మాత్రం కత్తిరించవచ్చు. సగం కాయ తగ్గుతుంది, మధ్యాహ్నపు నీడ నిలుస్తుంది. ఏది కావాలో నిర్ణయించుకోవలసినది ఆ చెట్టు కింద ఎక్కువ సేపు కూర్చునేవారు. ఇంటి యజమాని కత్తెర పట్టే ముందు వారిని అడగడం ధర్మం.

సీతాఫలం ఎండాకాలం మొదట్లో తానే ఆకు రాలుస్తుంది. కత్తిరింపుకు అదే అదను. ఆకు లేనప్పుడు కొమ్మల అల్లిక స్పష్టంగా కనిపిస్తుంది కనుక నేర్చుకునేవారికి అనుకూలం. రేగును ఎండాకాలంలో, కాయ ముగిసి ఆకు రాలిన వేళ, ధైర్యంగా పొట్టిగా కోయవచ్చు.

ముదిరిన చెట్టును సరిచేయడం కంటె లేత మొక్కను తీర్చిదిద్దడం సులభం. మొక్కై వంగనిది మానై వంగునా అన్న సామెత పిల్లలకు చెప్పినంతగా మొక్కలకు ఆచరించము. నాటిన జామను సుమారు రెండడుగుల ఎత్తున కొన తుంచి, పక్కల వచ్చే కొమ్మలలో నలుదిక్కులకు పోయే మూడు నాలుగు ఉంచి, అవి ఒకటిన్నర అడుగు పెరగగానే సగానికి తుంచుతూ పోతే, నిచ్చెన లేకుండా కాయ అందే చెట్టు తయారవుతుంది. లక్నోలోని కేంద్ర ఉద్యాన పరిశోధన సంస్థ ఈ పద్ధతినే చిన్న స్థలాల కొరకు ప్రచారంలోకి తెచ్చింది. పేటలోని ఇరుకు ముంగిలికి ఇది చక్కగా అమరుతుంది.

కత్తిరింపే వద్దనేవారూ ఉన్నారు. జపాన్ దేశపు ఫుకుఒకా అందులో ప్రసిద్ధుడు. తెలుగులో ‘గడ్డిపరకతో విప్లవం’గా వచ్చిన ఆయన గ్రంథం చాలామంది చదివినదే. అయితే తండ్రి కత్తిరించి పెంచిన నారింజ తోటను ఒక్కసారిగా ప్రకృతికి వదిలివేస్తే కొమ్మలు చిక్కుపడి, పురుగుపట్టి చెట్లు నశించాయని ఆయనే వ్రాసుకున్నాడు. మనిషి ఒకసారి చేయి చేసుకున్న చెట్టును మధ్యలో విడిచిపెట్టరాదని ఆ అనుభవం చెబుతుంది.

వేడుకల సందర్భంలో 75 మొక్కలు నాటడం తేలికైన పని. వాటితోపాటు పేటలో ఇప్పటికే ఉన్న చెట్లను నిలుపుకునే పని కూడా ఈ పాఠశాల చేపట్టదగినది. పాఠశాలలో రెండు మంచి సికేచర్లు, ఒక రంపం ఉంచి, కావలసిన ఇంటికి ఎరువుగా ఇచ్చి తిరిగి తీసుకోవచ్చు. విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయుల పర్యవేక్షణలో పై తరగతుల పిల్లలు తమ ఇంటి చెట్టుకు ఒక నోటుపుస్తకం కేటాయించి, కోసిన తేదీ, చివురు వచ్చిన తేదీ, పూత వచ్చిన తేదీ తెలుగులో వ్రాసుకుంటే, మూడేళ్లలో ఈ పేటల మట్టికి, ఎండకు, నీటికి సరిపోయే కత్తిరింపు పంచాంగం తయారవుతుంది. అటువంటి పుస్తకం ఏ అంగడిలోనూ దొరకదు. పూర్వ విద్యార్థులలో వ్యవసాయ విద్య అభ్యసించినవారు ఏడాదికి ఒకసారి, మృగశిర కార్తెకు ముందు, వచ్చి పరిశీలించి వెళితే అది మాతృసంస్థకు చేసిన సేవ అవుతుంది.

ఈ రోజు ఇంటికి వెళ్లిన తరువాత ఎవరూ వెంటనే కత్తెర తీయనక్కరలేదు. ముందుగా చెట్టు కింద నిలబడి, పోయిన ఏడు కాయ ఏ కొమ్మ మీద కాసిందో చూసి, ఆ కొమ్మకు ఒక నూలుపోగు కట్టి గుర్తు పెడితే చాలు. నూలుకు ఈ పేటలలో కొరత లేదు.